ఊఁ కొట్టే అవ్వ

ఎదురుగా కూర్చున్నావిడ ఒక్కసారి ఊఁ అని ఉంటే నేను మొదటిసారే పాసయ్యేదాన్నని ఇప్పటికీ నా నమ్మకం.

చెన్నైలో ఒక చల్లటి గది. బల్లకు అటు ఆవిడ, ఇటు నేను, మధ్యలో మా మాటలు పట్టుకునే చిన్న రికార్డరు. ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష అది. మొదట ఊరు, ఉద్యోగం అడుగుతారు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. కార్డు మీద ఉన్న విషయం గురించి కాసేపు ఆలోచించుకుని రెండు నిమిషాలు మనమే మాట్లాడాలి. ఆ రెండు నిమిషాలూ పరీక్ష పెట్టేవాళ్ళు నోరు విప్పరు. తల కూడా ఊపరు. అది వాళ్ళ పద్ధతి.

నాకు వచ్చిన కార్డు, మీరు చూసిన ఒక నది గురించి చెప్పమని. శ్రీకాళహస్తి దగ్గరి స్వర్ణముఖిని ఎంచుకున్నాను. ఆ ఇసుక, ఇసుకలో పిల్లల క్రికెట్టు, ఒక వానాకాలం ఉన్నట్టుండి వచ్చిన నీళ్ళు, అన్నీ మనసులో వరసగా ఉన్నాయి. మొదటి వాక్యం చక్కగా చెప్పి ఆగాను. రెండోది చెప్పి ఆగాను. ఆవిడ నన్నే చూస్తోంది కానీ ఏమీ అనడం లేదు. మూడో వాక్యానికి నా గొంతు సన్నబడింది. నాలుగోది సగంలో తెగిపోయింది. నా నది ఇంకా ఇసుకలోనే ఉంది. నీళ్ళు రానే లేదు. మిగిలిన సమయమంతా గదిలో ఏసీ చప్పుడే.

నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఐర్లండులో ఒక ఆసుపత్రివాళ్ళు నా కాగితాలు చూసి, వీడియోలో మాట్లాడి, ఉద్యోగం ఇస్తామన్నారు. ఈ పరీక్షలో మార్కులు మాత్రం తెచ్చుకోమన్నారు. చదవడంలో, రాయడంలో మంచి మార్కులే వచ్చాయి. పోయింది మాట్లాడడంలోనే. ఇంకొక్కసారి రాయొచ్చు, అప్పటికీ రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారని, కాగితాలు చూసే ఏజెంటు ఫోనులో చాలా మర్యాదగా చెప్పాడు.

ఎందుకు పోవాలనుకున్నావు అని అందరూ అడిగారు. ఎక్కువ జీతం కోసం అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం చెబితే నవ్వుతారు. నాకు మంచులో మేసే గొర్రెలను చూడాలని ఉండేది. ఆ గొర్రెలు నాకు గ్రంథాలయంలో పరిచయం. వాటిని నాకంటే ముందు నమ్మింది ఒక అవ్వ.

మాది చిత్తూరు దగ్గర చిన్న ఊరు. ఎండాకాలం వస్తే మా వీధిలో ఆడవాళ్ళందరికీ చింతపండు పనే. మండీ వ్యాపారి కాయల మూటలు దించి పోయేవాడు. పెంకు తీసి, బండ మీద పెట్టి, చిన్న ఇనప కడ్డీతో కొట్టి గింజ బయటికి తీయాలి. పండు నలగకూడదు, పువ్వులా విచ్చుకోవాలి. వీధి చివర అవ్వ ఇంటి వసారా పెద్దది కాబట్టి అందరూ అక్కడే చేరేవాళ్ళు. ఆ అవ్వ మాకు చుట్టమేమీ కాదు. వీధి మొత్తానికీ అవ్వే. ఒక్క అక్షరం రాదు. నోరు మాత్రం వసారా కంటే పెద్దది.

బడి సెలవుల్లో అమ్మ నన్నూ పనికి తీసుకుపోయేది. నేను కొడితే గింజతో పాటు పండూ ముద్దయ్యేది. పులుపు తగిలి వేళ్ళ చివర్లు పగిలేవి. అందుకని సందు దొరికితే లంగా మడతలో దాచుకున్న పుస్తకం తీసేదాన్ని. అవ్వ ఒకరోజు పట్టేసింది.

"ఏమ్మే, ఏందది?"

"లైబ్రరీ పుస్తకం అవ్వా."

"నువ్వొక్కదానివే మింగతా ఉంటే మా కడుపు నిండతాదా? గట్టిగా సదువు."

అమ్మ ఒప్పుకోలేదు. "దాన్ని సెడగొట్టొద్దు అత్తా. సదవతా కూసుంటే దాని తట్ట నిండేదెట్లా?"

అక్కడ ఒక పద్ధతి ఉండేది. చెయ్యి తెగినవాళ్ళు, నిండు చూలాలు, ఎవరైనా పని చేయలేకపోతే, సాయంత్రం తూకానికి ముందు ప్రతి ఒక్కరూ తన తట్టలోంచి ఒక పిడికెడు తీసి వాళ్ళ తట్టలో వేసేవాళ్ళు. వాళ్ళ కూలి పోకూడదని. ఎవరూ దాన్ని దానం అనుకునేవాళ్ళు కాదు. అవ్వ ఆరోజు కడ్డీ పైకెత్తి అందరి వైపూ చూపించింది.

"ఈ బిడ్డికీ తలా పిడికెడు ఏసేద్దాం."

"దీనికేం నొప్పి అవ్వా, గుండ్రాయి మాదిరి ఉండాది!" అంది ఎదురింటి వదిన.

"దీనికి సదువు రోగం. మందు లేదు. ఏయండి పిడికెడు."

అందరూ పకపకా నవ్వారు. సాయంత్రం నా తట్ట నిండింది. వదిన కూడా వేసింది, గొణుగుతూనే. జీవితంలో నా మొదటి కూలి నేను చదివి సంపాదించుకున్నదే. ఆ మాట ఎక్కడైనా చెప్పుకోవడానికి నాకు గర్వం.

చదవడం ఒక ఎత్తు, వాళ్ళకు చదివి వినిపించడం ఒక ఎత్తు. ఒక వాక్యం చదివి ఆగాలి. టక్, టక్ మని కడ్డీల చప్పుడు మధ్యలో ఎవరో ఒకరు ఊఁ అనాలి. అంటేనే తర్వాతి వాక్యం. ఎవరూ అనకపోతే అవ్వ అనేది. నేను ఆగకుండా పరిగెత్తితే, "రోంత ఆగు మే, ఊఁ కొట్టనీ" అని కసురుకునేది. అలా ఏళ్ళ తరబడి ప్రతి ఎండాకాలమూ వాక్యం తర్వాత ఆగడం నాకు ఊపిరి తీసుకోవడం లాగా అలవాటైంది. అది ఒకనాడు చెన్నైలో నా గొంతు పట్టుకుంటుందని ఎవరికి తెలుసు?

పక్క ఊళ్ళో శాఖా గ్రంథాలయం. ఒకే గది, ఒక పొడుగు బల్ల, తిరిగేటప్పుడు తల ఊపే ఫ్యాను. నాయన సంతకంతో కార్డు తీసుకున్నాను. తెలుగు బీరువాలు అయిపోయాక ఇంగ్లీషు బీరువాకు వచ్చాను. దాని తాళం చాలాకాలంగా తీయలేదు కాబోలు, లైబ్రరీ సారు నూనె చుక్క వేసి తెరిచాడు. నాకు ఇంగ్లీషు నేర్పింది ఆ బీరువా, ఒక లావుపాటి నిఘంటువు. బడిలో నేర్చుకున్నది పరీక్షకు సరిపోయింది, అంతే. నర్సింగులో నాతోపాటు కాన్వెంటులో చదివి వచ్చినవాళ్ళు గలగలా మాట్లాడేవాళ్ళు. నేను మాట్లాడలేకపోయేదాన్ని కానీ, వాళ్ళు పుస్తకంలో ఎక్కడైనా ఆగిపోతే నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నా ఇంగ్లీషు కళ్ళతో నేర్చుకున్నది. నోటిదాకా రావడానికి దానికి చాలాకాలం పట్టింది.

మంచు గొర్రెల పుస్తకం ఆ బీరువాలోదే. పిల్లల పుస్తకం, అట్ట లేదు. ఒక ముసలాయన, చలిదేశం, కొండ మీద గొర్రెలు, ఒక రాత్రి మంచు కురిసి ఒక గొర్రె తప్పిపోవడం. వసారాకు తీసుకుపోతే అవ్వ, "ఆ ఇంగ్లీసుదే సదువు, ఎట్లుంటాదో సూస్తాం" అంది. ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి ఆగాను. అవ్వ ఊఁ అంది. అందరూ అన్నారు. ఒక్క ముక్క అర్థం కాకుండా అంతమంది అంత శ్రద్ధగా ఊఁ కొట్టడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. తర్వాత తెలుగులో చెప్పేదాన్ని. అప్పుడు ప్రశ్నలు మొదలయ్యేవి.

"నేలంతా మంచు కప్పుకుంటే గొర్రెలకు మేత యాడిది?" అని అవ్వ అడిగింది.

నాకు తెలియదు.

"తెల్దంటే ఎట్లా? పొయ్యి కనుక్కొని రా. అంతవరకు ఆ ముసిలోడి గొర్రెలు పస్తే."

మరుసటి రోజు పొద్దున్నే గ్రంథాలయానికి నడిచాను. ఎండాకాలంలో గడ్డి కోసి ఆరబెట్టి కొట్టంలో దాచుకుంటారని వెతికి పట్టుకుని వచ్చి చెప్పాను. "మన వరిగడ్డి వామి మాదిరే!" అని అవ్వ సంతోషపడింది. అలా ఆమె అడగడం, నేను పోయి వెతకడం. బాగా చదువుతున్నావనో, పైకొస్తావనో ఆమె ఎన్నడూ అనలేదు. తెలియదన్న మాట మాత్రం ఒప్పుకునేది కాదు.

ఆ పుస్తకం చివరి కాగితాలు చిరిగిపోయి ఉన్నాయి. గొర్రె దొరికిందో లేదో అందులో లేదు. వసారాలో ఆ చోటికి వచ్చేసరికి నాకు ఏం చేయాలో తోచలేదు. పుస్తకం తెరిచే ఉంచి, చదువుతున్నట్టే ముఖం పెట్టి, సొంతంగా చెప్పడం మొదలుపెట్టాను. ముసలాయన లాంతరు పట్టుకుని పోయాడని, చేతులు కొంకర్లు పోయాయని, ఒక రాతిగోడ పక్కన మంచులోంచి రోంత ఆవిరి లేస్తుంటే అక్కడ తవ్వాడని, గొర్రె బతికే ఉందని. చెప్పి తలెత్తితే వసారా నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ ఊఁ అనలేదు. కడ్డీలు కూడా ఆగిపోయాయి. నేను దొరికిపోయాననుకున్నాను.

అవ్వ మళ్ళీ కడ్డీ అందుకుంటూ నాకు మాత్రమే వినిపించేలా అంది: "ఆకు తిప్పకుండానే సదివినావే."

నేను గబుక్కున పుస్తకం మూసేశాను.

"రేపట్నుంచి అప్పుడప్పుడూ అట్ల గూడా సదువు" అంది.

మొదటిసారి పరీక్ష తప్పాక తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక కోచింగు సెంటరులో చేరాను. డ్యూటీ దిగి, అలిపిరి వైపు పోయే బస్సుల హారన్ల మధ్య అక్కడ కూర్చునేదాన్ని. మా సారు కుర్రవాడు, హుషారైనవాడు. ఎక్కువగా వచ్చే కార్డులని కొన్ని చెప్పించేవాడు. మీకు ప్రోత్సాహం ఇచ్చిన మనిషి అనే కార్డు వాటిలో ఒకటి. దానికి ఒక జవాబు ఆయనే తయారుచేసి ఇచ్చాడు. అందులో నాయన ఉంటాడు, రోజూ పొద్దున్నే లేపుతాడు, ఓటమి గెలుపుకు మెట్టు అంటాడు. క్లాసులో అందరికీ ఆ ఒక్క నాయనే. మా నాయన కూడా మంచివాడే, కానీ జీవితంలో ఆ మెట్టు మాట అనలేదు. నా వంతు వచ్చి ఆ నాయన గురించి చెప్పడం మొదలుపెట్టి, ఒక వాక్యం తర్వాత ఆగాను.

"ఎందుకు ఆగుతున్నారు మేడం? ఫ్లో రావాలి, ఫ్లో!" అన్నాడు సారు.

"మీరు ఊఁ అనండి సార్, చెప్తాను."

క్లాసంతా నవ్వింది. అప్పుడు నాకు వెలిగింది, నా జబ్బు ఎక్కడిదో.

సెలవు రోజు బస్సెక్కి ఊరికి పోయాను. అవ్వ ముసలిదైపోయింది. వసారాలో ఇప్పుడు ఎవరూ చేరడం లేదు. చింతపండు గింజ తీసే మిషను వచ్చిందని మండీవాళ్ళు మూటలు దించడం మానేశారు. కానీ ఆమె బండ, కడ్డీ గోడవార అలాగే ఉన్నాయి. ఇంటి ఖర్చుకు కాసిని కాయలు ముందేసుకుని కొడుతోంది.

"వచ్చినావా ఇంగ్లీసు దొరసానీ. తిన్నావా?"

తిన్నానని చెప్పి, పరీక్ష సంగతి, ఈసారీ పోతే ఉద్యోగం పోతుందన్న సంగతి చెప్పాను.

"అయితే సదువు, ఇంటాను."

"చదివేది కాదు అవ్వా, మాట్లాడాలి. ఒక కత అనుకో."

"ఎవురి కత?"

"ఎవరిదో ఒకరిదిలే" అన్నాను. కోచింగు సారు నాయనను పక్కన పెట్టి, అవ్వ గురించే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె ముందే, ఆమె గురించే. ఒక వాక్యం, ఊఁ. ఇంకో వాక్యం, ఊఁ. ఎంత సుఖంగా సాగిందో! చివరిదాకా చెప్పేశాను. కానీ ఏం లాభం?

"అవ్వా, నువ్వు ఊఁ కొట్టొద్దు. అక్కడ ఎవరూ కొట్టరు."

ఆమెకు కోపం వచ్చింది. "కత ఇంటా నోరు కుట్టుకొని కూసుంటారా? వాళ్ళేం మనుషులు?"

"వాళ్ళ పద్ధతి అది."

మళ్ళీ మొదలుపెట్టాను. అవ్వ పెదాలు బిగించి కూర్చుంది. మూడో వాక్యానికి నా గొంతు చెన్నైలో లాగే సన్నబడింది. ఆగిపోయాను.

"ఏమైంది?"

"నువ్వు వింటున్నావో లేదో తెలియడం లేదు అవ్వా. భయమేస్తోంది."

ఆమె కడ్డీ కింద పెట్టి నన్ను చూసింది. చిన్నప్పుడు పండు ముద్ద చేసినప్పుడు చూసినట్టు.

"పిచ్చిదానా, ఊఁ కొట్టేది ఇన్నట్టని ఎవురు జెప్పినారు నీకు? పని జేస్తా ఉంటే నిద్ర తూగతాదని కొట్టేది. సగం దినాలు నువ్వేం సదివినావో నాకు తెల్దు. ఆ గొర్రె దొరికిన దినం ఎవురన్నా ఊఁ అనినారా?"

అనలేదు.

"ఆ దినం అందరి చేతులూ ఆగిపోయినాయి. ఇన్నట్టు అదీ. నోరు సూడొద్దు మే, చెయ్యి సూడు."

ఆ సాయంత్రం చీకటి పడేదాకా మాట్లాడాను. ఆమె ఊఁ కొట్టలేదు. కడ్డీ మాత్రం కొన్నిచోట్ల ఆగింది. అర్థం కాని భాషలో ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో నాకు తెలియదు. బహుశా నా గొంతు మారినచోట.

రెండోసారి చెన్నైకి శ్రీకాళహస్తి మీదుగా పోయే బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు. తడ దాటి బోర్డుల మీద అక్షరాలు తమిళంలోకి మారేదాకా పెదాలు కదుపుతూనే ఉన్నాను. పక్కసీటు పెద్దమ్మ, జపం చేసుకుంటున్నాననుకుని, కాళ్ళు ముడుచుకుని నాకు చోటిచ్చింది.

ఈసారి బల్లకు అటువైపు నడివయసు ఆయన. చేతిలో పెన్సిలు. మాట్లాడుతుంటే ఏదో రాసుకుంటూనే ఉన్నాడు. కార్డు నా ముందుకు జరిపాడు. మిమ్మల్ని ప్రోత్సహించిన ఒక మనిషి గురించి చెప్పండి. నాకు నవ్వు వచ్చింది. అదృష్టం కాదని అనను. కోచింగు సారు ఇచ్చిన నాయన కూడా తలుపు దగ్గర నిలబడి, రమ్మంటే వచ్చేలా ఉన్నాడు. రమ్మనలేదు.

నన్ను ప్రోత్సహించిన ఆమెకు చదవడం రాదు, అని మొదలుపెట్టాను. ఆగాను. నిశ్శబ్దం. పాత భయం మళ్ళీ వచ్చింది. ఆయన ముఖం చూడడం మానేసి చెయ్యి చూశాను. పెన్సిలు నడుస్తోంది. సరే, నడవనీ. చింతపండు గురించి చెప్పాను. పెన్సిలు నడుస్తోంది. నా తట్ట ఖాళీగా ఉండేదని, సాయంత్రం తూకానికి ముందు ఒక్కొక్కరూ వచ్చి తలా పిడికెడు అందులో వేసేవాళ్ళని, అలా నేను పుస్తకాలు చదివానని చెప్పాను.

పెన్సిలు ఆగింది.

కాగితం మీద అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత నేను ఏ వాక్యం దగ్గరా ఆగలేదు. మంచులో గొర్రెలకు మేత ఎక్కడిదన్న దగ్గర ఉండగా ఆయన చెయ్యి పైకెత్తి, సమయం అయిపోయిందన్నాడు. ఆ చెయ్యెత్తడం కాస్త ఆలస్యంగా జరిగిందని నా అనుమానం. నాకు అలా అనుకోవడం ఇష్టం.

ఫలితం ఫోనులో వచ్చింది. సరిపడా మార్కులు, ఇంకొంచెం ఎక్కువే. ఆసుపత్రిలో మిఠాయి పంచి, మరుసటి రోజే ఊరికి పోయాను. అవ్వ వసారాలోనే ఉంది.

"పాసయినాను అవ్వా."

"అయితావులే. ఏం కత అడిగినారు?"

"నన్ను చదివించినవాళ్ళ కత. నీదే చెప్పినాను. మొన్న నీ ముందర చెప్పింది కూడా నీ కతే."

కడ్డీ ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత అవ్వ ముక్కు చీదుకుని, కొంగుతో తుడుచుకుని, అసలు సంగతికి వచ్చింది.

"ఎంతసేపు జెప్పినావు?"

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలేనా? నా బతుకంతా రెండు నిమిషాలకే అయిపోయిందా? నేను మండీ వాడితో తూకం కాడ కొట్లాడింది జెప్పినావా? మా అమ్మగారింటి నుంచి వానలో నడిచొచ్చింది జెప్పినావా?"

"అవి నాకు తెలియదు కదవ్వా."

"తెల్దంటే ఎట్లా?" అంది, ఎప్పటిలాగే.

వీసా రావడానికి ఇంకా రోజులున్నాయి. పోయినాక గొర్రెల ఫోటో తీసి పంపమని అవ్వ ఆజ్ఞ. సెలవు దొరికినప్పుడల్లా ఊరికి పోతున్నాను. పాసయిన సంగతి చెప్పిన ఆరోజు మాత్రం ఆమె చేతిలోంచి కడ్డీ నేనే తీసుకున్నాను. బండ నా వైపు లాక్కుని, కాయ పెట్టి కొట్టాను. గింజతో పాటు పండు ముద్దయింది. అవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది. గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"అప్పుడు నాకింకా పెండ్లి కాలా..."

ఆగింది.

"ఊఁ" అన్నాను.